కర్మాగారపు గేటు లోపల సాక్ష్యము: మెదకు గ్రామ సంఘములను గూర్చిన రెండు గ్రంథముల పునఃపరిశీలన

ఉపోద్ఘాతము

పటాన్‌చెరు, రామచంద్రాపురము, బొల్లారము, పాశమైలారము, సంగారెడ్డి ప్రాంతపు సంఘములలో ఆదివార ప్రసంగము ఏ లేఖన భాగముతో మొదలైనా చివరకు ఒక ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగడము మనందరికీ పరిచయమే. "నీవు పనిచేసే చోట నీవు క్రైస్తవుడవని ఎందరికి తెలుసు?" అన్నదే ఆ ప్రశ్న. అది వినగానే సభలో చాలా తలలు వంగుతాయి. వంగిన తలలను చూచి ప్రసంగీకుడు తన మాట హృదయములను తాకినదని తలుస్తాడు. మేము కూడా ఈ ప్రాంతములో ప్రసంగించినప్పుడు అలాగే తలచాము. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక కాంట్రాక్టు కార్మికుడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, కంపెనీ కార్డుల నా పేరొకటుంది, చర్చి బుక్కుల ఒకటుంది. ఏ పేరు మీద సాక్ష్యం చెప్పమంటరు?" అని అడిగాడు. ఆ తలలు వంగుటకు సిగ్గు కాక వేరే కారణము ఉండవచ్చునని అంతవరకు మాకు తోచలేదు. ఆ రోజు మేము అతనికి సరియైన జవాబు ఇవ్వలేకపోయాము.

ఆ జవాబును వెదకుటకే ఈ వ్యాసము. ఇందుకొరకు మెదకు ప్రాంతపు క్రైస్తవులను గూర్చి వెలువడిన రెండు ప్రధాన గ్రంథములను తిరిగి చదివాము. అవి మనకు ఏమి నేర్పుతున్నవో, ఎక్కడ మనలను విడిచిపెడుతున్నవో పరిశీలించాము. మా వాదము ఒక్కటే: మన ప్రాంతములో సాక్ష్యము ఆరంభము నుండి సంఘము అంతా కలిసి పలికిన మాట, అంతా కలిసి మూల్యము చెల్లించిన మాట. నేడు మనము ఆజ్ఞను మాత్రము ఉంచుకొని, ఆ సంఘమును దాని వెనుక నుండి తీసివేసి, ఒంటరి కార్మికుని భుజము మీద ఆ భారమునంతా మోపుతున్నాము.

1. రెండు గ్రంథములు

మొదటిది పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ గార్లు వ్రాసిన 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్'. మెదకు డయోసిస్‌లోని జంగరాయి పరిసర గ్రామములలో చేసిన క్షేత్ర పరిశోధన ఫలితమిది. ప్రపంచ సంఘముల మండలి చేపట్టిన సంఘ అధ్యయనముల వరుసలో 1968లో లండన్‌లో ప్రచురితమైనది. రెండవది, అదే కార్మన్ గారు చిల్కూరి వసంతరావు గారితో కలిసి 2014లో వెలువరించిన 'క్రిస్టియన్స్ ఇన్ సౌత్ ఇండియన్ విలేజెస్, 1959–2009'. అర్ధశతాబ్దము తరువాత అదే నేలకు తిరిగి వెళ్లి చూచిన గ్రంథమిది. దాని ఉపశీర్షికలో క్షీణత, పునరుజ్జీవము అనే రెండు మాటలూ పక్కపక్కన నిలిచియున్నవి. పాత మిషను సంఘములు కొన్ని సన్నగిల్లడము, కొత్త స్వతంత్ర సంఘములు లేవడము ఒకే కాలములో, ఒకే ప్రాంతములో జరిగిన సంగతులని ఆ శీర్షికే చెబుతున్నది.

మొదటి గ్రంథములోని గొప్పతనము దాని ఓర్పు. గ్రామ క్రైస్తవుడు ఊరి పండుగలో నిలబడుట, గ్రామదేవత కొలుపుల వేళ ఇరుగుపొరుగుతో కలిసియుండుట వంటి సంగతులను రచయితలు నేరారోపణగా వ్రాయలేదు. అవి ఎందుకు జరుగుతున్నవో అర్థము చేసికొనుటకు ప్రయత్నించారు. మాల, మాదిగ కుటుంబముల నుండి వచ్చిన ఈ విశ్వాసుల జీవితములో కులము, భూమి, కూలి, రోగము, పండుగ అన్నీ ఒకదానితో ఒకటి అల్లుకొని ఉన్నవి. వాటి నడుమ నుండి విశ్వాసమును మాత్రము వేరుచేసి తూకము వేయుట సాధ్యము కాదు. ఈ పాఠము నేటి కాపరికి సైతము అవసరమే.

అయితే ఈ గ్రంథమును పారిశ్రామికవాడలో కూర్చుండి చదివినప్పుడు ఒక తేడా స్పష్టమవుతుంది. గ్రామములో ఎవరు క్రైస్తవులో ఎవరూ ప్రకటించనక్కరలేదు. ఏ ఇల్లు ఎవరిదో, ఏ వాడలో గుడి ఉన్నదో, ఎవరి తాత ఎప్పుడు బాప్తిస్మము పొందాడో ఊరందరికీ తెలుసు. అక్కడ పేరు బహిరంగము, ఆచారము మాత్రము కలగలుపు. పారిశ్రామికవాడలో ఇది తలక్రిందులైనది. ఇక్కడ అద్దె గదిలో మోకాళ్ల ప్రార్థన ఉన్నది, ఉపవాసమున్నది, దశమభాగమున్నది, ఫోనులో రాత్రి ప్రసంగములు వినుట ఉన్నది. ఆచారము గ్రామములో కంటె గాఢముగానే ఉన్నది. పేరు మాత్రము గోప్యమైనది.

రెండవ గ్రంథముపై మా ప్రధాన విమర్శ ఇక్కడే. దాని అధ్యయనమునకు కొలమానము గ్రామము. ఏభై ఏండ్ల మార్పును కొలుచుటకు అదే గ్రామములకు తిరిగి వెళ్లడము సరియైన పద్ధతే. కాని ఆ ఏభై ఏండ్లలో మెదకు ప్రాంతములో జరిగిన పెద్ద మార్పులలో ఒకటి, గ్రామము విడిచి వెళ్లడము. గ్రామమును కొలమానముగా పెట్టుకొన్న అధ్యయనములో వెళ్లినవారు ఖాళీ కుర్చీలుగానే కనబడతారు. గ్రామ సంఘములో తగ్గిన ఆ మనిషి సంఘమును విడిచినాడా, లేక బొల్లారములో రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఆదివారము నిద్రపోతున్నాడా? ఈ ప్రశ్నకు జవాబు గ్రామములో దొరకదు. క్షీణతను, పునరుజ్జీవమును సరిగా లెక్కించవలెనంటే బస్సెక్కి పటాన్‌చెరు వరకు రావలసియున్నది. ఈ పని మన వేదాంత కళాశాలల విద్యార్థుల కొరకు మిగిలియున్నది.

2. సాక్ష్యము ఎవరిది?

మన ప్రాంతములో సాక్ష్యమును గూర్చిన బోధకు రెండు ఊటలున్నవి. ఒకటి మెదకు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి నాయకత్వములో, కరువు కాలములో పనికి ఆహారముగా సాగిన నిర్మాణము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన కెతీడ్రల్‌గా నేటికీ నిలిచియున్నది. రెండవది దోర్నకల్. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. బాప్తిస్మము పొందిన ప్రతివాడు తన చేతిని తలపై ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను (1 కొరింథీయులకు 9:16) తన మాటగా పలుకునట్లు ఆయన నేర్పారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ రెండు ఊటలూ ఒక్క ప్రవాహములో కలిసినవి.

అజరయ్య గారి ఈ పద్ధతిని నేటి ప్రసంగీకులు తరచుగా ఉదాహరిస్తారు. కాని దానిని సందర్భము నుండి ఊడదీసి వాడుతున్నారని మా అభిప్రాయము. తలపై చేయి ఉంచుకొన్న ఆ మనిషి ఒంటరిగా లేడు. ఆయన పక్కన భార్య, అన్నదమ్ములు, వాడ పెద్దలు అదే మాట పలుకుతున్నారు. సాక్ష్య వారములు జరిగినప్పుడు సంఘము గుంపుగా పొరుగు ఊళ్లకు బయలుదేరేది. కొట్టినా గుంపును కొట్టవలసియుండేది. పని మాన్పించినా వాడనంతటినీ మాన్పించవలసియుండేది. ఆ కష్టమును గుంపు పంచుకొనేది, సంఘము వెనుక నిలబడేది.

మరియొక సంగతి. 1930లలో దోర్నకల్ ప్రాంతములో శూద్ర కులముల నుండి వేలమంది సంఘములో చేరుటకు ప్రసంగములు మాత్రమే కారణము కాదని అజరయ్య గారే నమ్మారు. తమ కళ్లెదుట మాల, మాదిగ కుటుంబముల జీవితములో వచ్చిన మార్పును ఏండ్ల తరబడి చూచి, ఇదేమిటని వారు అడిగారు. ముందు జీవితము, తరువాత ప్రశ్న, ఆ తరువాత మాట. ఈ క్రమమును మనము మరచి మాటనే ముందు పెట్టాము.

ఆ సామూహిక ఉద్యమమును మేము ఆదర్శముగా చిత్రించుట లేదు. పెద్దలు నిర్ణయిస్తే స్త్రీలు, యౌవనులు వెంట నడవవలసి వచ్చిన సందర్భములున్నవి. కుల సరిహద్దులు గుడి లోపలికి కూడా వచ్చినవి. మిషను కాంపౌండు మీద ఆధారపడే అలవాటు తరతరములకు అంటినది. ఆ గుంపు తిరిగి రాదు, రావలెనని మేము కోరుటయు లేదు. ఆ గుంపు చేసిన పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు అన్నదే మా ప్రశ్న.

3. గేటు లోపల

1960లలో రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారములో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ వచ్చినవి. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారము పారిశ్రామికవాడలలో మందుల, రసాయనముల కంపెనీలు పెరిగినవి. నక్కవాగు నీళ్లు చెడిపోయిన కథ 1990 నాటికే సుప్రీముకోర్టు గుమ్మమెక్కినది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయినది. ఈ మార్పుల మధ్య రెండు రకముల క్రైస్తవ కార్మికులు తయారయ్యారు.

ఒకరు ప్రభుత్వరంగ సంస్థలో స్థిర ఉద్యోగి. ఆయనకు క్వార్టరు, యూనియను, పెన్షను ఉన్నవి. సాక్ష్యము చెప్పినందుకు ఆయన ఉద్యోగము సులభముగా పోదు. మన సంఘములలో వాయిస్ ఉన్న పెద్దలు, యౌవనులకు ధైర్యమును గూర్చి బోధించేవారు ఎక్కువగా ఈ కోవకు చెందినవారే. రెండవవాడు కాంట్రాక్టు కార్మికుడు. ఆయనను పనిలో పెట్టేది, తీసేసేది లేబరు కాంట్రాక్టరు. రేపు గేటు దగ్గర పేరు పిలవకపోతే కారణము అడుగుటకు కాగితము లేదు. వారపు సెలవు ఆదివారమే వస్తుందన్న నమ్మకము లేదు. అద్దె గదులు వరుసగా ఉంటాయి. గోడ అవతల పాట వినబడితే గది ఖాళీ చేయమని చెప్పగల యజమాని ఉంటాడు. దసరాకు యంత్రములకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేటప్పుడు, ఈసారి నీవు కొట్టు అని సూపర్‌వైజరు అభిమానముతోనే అంటాడు. పెట్టిన ప్రసాదమును తీసికొనుటా, మానుటా అన్న కొరింథు సంఘపు పాత ప్రశ్న (1 కొరింథీయులకు 8–10 అధ్యాయములు) అక్కడ పది సెకన్లలో తేల్చుకోవలసి వస్తుంది.

పక్క యంత్రము దగ్గర ఉన్నది ఒడిశా, బిహారు, ఝార్ఖండు, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన మనిషి. గ్రామములో తరతరములుగా తెలిసిన పొరుగువాడు కాడు. మన మనిషికి ఆయన భాష రాదు. ఆరు నెలల తరువాత ఆ ఇద్దరిలో ఎవరు ఎక్కడ ఉంటారో తెలియదు. ఇటువంటి చోట సాక్ష్యమన్నది ఒక వాక్యమును పలికి ముగించే పని కాదు. పలికిన తరువాత దాని వెనుక నిలిచే జీవితమును చూపుటకు తగిన కాలము, స్థలము ఆ కార్మికునికి లేవు.

4. 'ఒప్పుకొనుట' అనే మాటకు రెండు గుమ్మములు

ఇప్పుడు కంపెనీ కార్డులోని పేరు సంగతి. ఈ విషయమును మన ప్రసంగములు దాటవేస్తున్నవి.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులముల) ఉత్తర్వు మూడవ పేరా ప్రకారము, హిందూ మతము కాక వేరొక మతమును అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్థునిగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ నియమము సవరింపబడినది. క్రైస్తవులకు, ముస్లిములకు సవరింపబడలేదు. 'అవలంబించుట' అంటే ఏమిటన్న ప్రశ్న పంజాబ్‌రావు–మేష్రామ్ కేసులో సుప్రీముకోర్టు ముందుకు వచ్చినది. బౌద్ధము స్వీకరించిన ఒక అభ్యర్థి ఎన్నికను గూర్చిన వివాదమది. ఇతరులకు తెలియునట్లు బాహాటముగా ప్రకటించుట లేక ఆచరించుట అన్న అర్థములోనే ఉత్తర్వు ఆ మాటను వాడినదని న్యాయస్థానము గ్రహించినది.

మత్తయి 10:32లో మనుష్యుల యెదుట తనను ఒప్పుకొనువానిని గూర్చి ప్రభువు చెప్పినప్పుడు సువార్తికుడు వాడిన గ్రీకు క్రియ 'హొమొలొగెయో'. నలుగురి యెదుట, బాహాటముగా ఏకీభవించి పలుకుట అని దాని భావము. ప్రసంగ వేదిక విశ్వాసి నుండి కోరే కార్యమేదో, చట్టము అతని కుల ధ్రువపత్రమును రద్దు చేయుటకు వెదకే ఆధారము కూడా అదే. గుడి గుమ్మములో దీవెన తెచ్చే మాట తహసీల్దారు కార్యాలయ గుమ్మములో నష్టము తెస్తున్నది.

ప్రైవేటు కంపెనీలలో రిజర్వేషను లేదు కదా, కాంట్రాక్టు కార్మికునికి ఈ పత్రముతో పనియేమి అని చదువరులు అడుగవచ్చును. పత్రము ఆయన ఉద్యోగము కొరకు కాదు, పిల్లల కొరకు. హాస్టలు సీటు, ఉపకారవేతనము, కళాశాల ప్రవేశము, ప్రభుత్వ ఉద్యోగపు ఆశ, కార్పొరేషను రుణము, 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టపు రక్షణ, ఇవన్నీ ఆ ఒక్క కాగితముపై ఆధారపడియున్నవి. క్రైస్తవ మతము స్వీకరించిన షెడ్యూల్డు కులస్థులకు, వారి సంతతికి మన రాష్ట్రములో బి.సి.-సి వర్గము ఉన్నది. కాని అది ఒక్క శాతము. షెడ్యూల్డు కులములది పదిహేను శాతము. బాప్తిస్మము పొందినంత మాత్రాన ఊరిలో అంటరానితనము పోయినదా? సూసై కేసులో (1985) మద్రాసు నగరపు చెప్పులు కుట్టే ఒక క్రైస్తవుడు సరిగా ఈ ప్రశ్ననే వేశాడు. మతము మారిన తరువాత కూడా అదే తీవ్రతతో వివక్ష కొనసాగుతున్నదనుటకు తగిన ఆధారములు లేవని న్యాయస్థానము ఆయన వాదనను తిరస్కరించినది. మూడవ పేరాను తొలగించవలెనని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సిఫారసు చేసినది. 2022 అక్టోబరులో ఇదే విషయమై బాలకృష్ణన్ కమిషను నియమింపబడినది. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీముకోర్టు, బాప్తిస్మము పొంది గుడికి వెళుతూ రిజర్వేషను కొరకు హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమును మోసగించుటేనన్న కఠినమైన వైఖరి చూపినది.

ఇక్కడ మేము రెండు వైపులా నిజము చెప్పదలచుకొన్నాము. ఒకటి, ఈ రెండు పేర్ల బ్రతుకు నిజాయితీ గల బ్రతుకు కాదు. అది మనస్సాక్షిని తొలుస్తుంది. పిల్లలకు చిన్ననాటనే ఎవరికి ఏ పేరు చెప్పవలెనో నేర్పే ఇల్లు సంతోషముగా ఉండదు. రెండు, ఆ అబద్ధమును విశ్వాసి ఒంటరిగా సృష్టించలేదు. చట్టము ఒక చేత్తో, కులము ఇంకొక చేత్తో అతనిని నెట్టినవి. మనము, అనగా కాపరులము, బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు వ్రాసి, కాగితములలో వేరొకటి ఉన్నదని తెలిసియు ఊరకుండి, తరువాతి ఆదివారము మత్తయి పది నుండి ప్రసంగించాము. అతని మౌనములో మన మౌనము కూడా ఉన్నది.

ఇదే తెలుగు నేలపై దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ ఒకటున్నది. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు 1942లో క్రీస్తు దర్శనము పొందినట్లు చెప్పి, వేలమంది యెదుట ఆయన నామమున స్వస్థత ప్రార్థనలు జరిపారు. బాప్తిస్మమును, వ్యవస్థాగత సంఘమును మాత్రము తీవ్రముగా విమర్శించి వెలుపలనే ఉన్నారు. ఆయన ఉద్యమముపై కాజ్ బాగో గారి పుస్తకము కూడా లూక్, కార్మన్ గార్ల గ్రంథము వెలువడిన 1968లోనే వచ్చినది. రిజిస్టరులో పేరు లేకుండ నోట సాక్ష్యమున్న మనిషి ఒకవైపు, రిజిస్టరులో పేరుండి నోరు మెదపలేని కార్మికుడు మరొకవైపు. పేరునూ మాటనూ కలిపి మోయగల సంఘమును కట్టుటలో మన లోపమునే ఈ ఇద్దరూ చూపుతున్నారు.

5. లేఖనములో బాహాటపు రూపములు

సాక్ష్యమునకు లేఖనము ఒకే అచ్చు ఇవ్వలేదు. గెరాసేనుల దేశపు మనిషిని ప్రభువు తన ఇంటివారి యొద్దకు పంపి చెప్పమన్నాడు (మార్కు 5:19). కుష్ఠరోగిని ఎవరితోనూ చెప్పవద్దన్నాడు (మార్కు 1:44). ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు.

రెండవ రాజుల గ్రంథము ఐదవ అధ్యాయము మన కార్మికునికి బాగా దగ్గర. రిమ్మోను గుడిలో తన యజమానితో కూడ వంగవలసి వచ్చినప్పుడు క్షమింపబడుదునా అని నయమాను అడిగాడు. ఎలీషా దానిని మెచ్చుకొనలేదు, తిట్టనూ లేదు. సమాధానముతో పంపాడు. దసరా నాడు యంత్రము ముందు నిలిచిన కార్మికుని విషయములో కాపరికి ఎలీషాకు ఉన్నపాటి ఓర్పు అవసరము. అయితే అదే అధ్యాయము మొదటనే మరియొకరున్నారు. చెరపట్టబడి వచ్చిన చిన్నది. ఆ ఇంటిలో అందరికంటె బలహీనురాలు ఆమె. అయినను మాట్లాడినది ఆమెయే. తన యజమానురాలి ఇంట బాధను చూచి, ఒక్క మాట, దయతో పలికినది. కాబట్టి బలహీనులు మౌనముగానే ఉండవలెనని మేము చెప్పుటకు వీలు లేదు. వారి నోట వచ్చే మాటకు ప్రసంగపు ఆకారము ఉండనక్కరలేదు. ఎదుటివాని అవసరములో నుండి పుట్టిన ఒక్క మాట చాలును. ఆ చిన్నదాని పేరు లేఖనములో వ్రాయబడలేదని కూడా గమనించవలెను.

మొదటి పేతురు పత్రిక చెదరిపోయి పరవాసులుగా ఉన్నవారికి, కఠినులైన యజమానుల క్రింద ఉన్న పనివారికి వ్రాయబడినది (1:1, 2:18). అటువంటివారికి అపొస్తలుడు చెప్పినది, అడిగినవారికి జవాబు చెప్పుటకు సిద్ధముగా ఉండుమని, దానిని సాత్వికముతో చేయుమని (3:15). అడుగుట అక్కడ ముందున్నది. ఎవరూ అడుగకుండ గేటు దగ్గర కరపత్రము పంచుట మాత్రమే ధైర్యమని బోధించినప్పుడు ఈ క్రమము తప్పిపోతుంది. అపొస్తలుల కార్యముల నాలుగవ అధ్యాయములో ధైర్యము అనే మాటకు మూలము 'పర్రేసియ'. పేతురు యోహానులు విడుదలై తమ వారి యొద్దకు వచ్చిన తరువాత, సంఘమంతా ఏక మనస్సుతో ఆ ధైర్యము కొరకు ప్రార్థించినది (4:23–31). ధైర్యమును వారు ఒక్కొక్కరి నుండి రాబట్టలేదు, అందరూ కలిసి దేవుని యొద్ద అడిగి పొందారు.

చివరిగా అరిమతయియ యోసేపు. భయము చేత రహస్య శిష్యుడని యోహాను అతని గూర్చి దాచకుండ వ్రాశాడు (19:38). ఆ రహస్య శిష్యుడు బయటపడినది వాదనతో కాదు. పిలాతు యొద్దకు తెగించి వెళ్లి, ఒక మృతదేహమును ఇమ్మని అడుగుటతో బయటపడ్డాడు (మార్కు 15:43). 2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచి కర్మాగారములో జరిగిన పేలుడులో యాభైమందికి పైగా మరణించారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రముల నుండి వచ్చినవారు. గుర్తుపట్టలేని దేహముల కొరకు, డి.ఎన్.ఎ. పరీక్షల ఫలితముల కొరకు కుటుంబములు పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర దినముల తరబడి వేచియున్నవి. కొందరి దేహములు దొరకనే లేదు. ఈ సంగతిని వాదనకు ఆభరణముగా వాడుకొనుట మాకు ఇష్టము లేదు. కాని యోసేపు కథను చదివిన సంఘము, ఈ పారిశ్రామికవాడలో బాహాటముగా క్రీస్తును ఒప్పుకొనుట అంటే ఏమిటని ఆలోచించినప్పుడు, ఆ ఆసుపత్రి గేటును తలచుకొనకుండ ఉండలేదు. మృతుని భాష రాని సంఘము అతని తల్లి పక్కన నిలిచి, అధికారిని అతని దేహము కొరకు అడుగుట కూడా ఒప్పుకోలే. అది ఒంటరి కార్మికుడు చేయలేనిది, సంఘము చేయగలిగినది.

6. కాపరుల బాధ్యత

దీని నుండి మేము మూడు సంగతులు గ్రహిస్తున్నాము. మొదటిది, బాప్తిస్మపు సిద్ధపాటు తరగతులలో చట్టమును గూర్చిన సత్యము చెప్పవలెను. ఏమి పోతుందో, ఏమి మిగులుతుందో, బి.సి.-సి పత్రము అంటే ఏమిటో తెలిసి తీసికొన్న నిర్ణయమే స్వేచ్ఛ గల నిర్ణయము. తెలియనిచ్చి తరువాత నిందించుట కాపరి పని, తెలియనీయక నిందించుట మోసము అని తేడా చూపనవసరము లేదు, నిందయే తగదు. ఆ నిర్ణయము వలన ఒక ఇంటి బిడ్డ చదువు ఆగిపోయే స్థితి వస్తే, ఆ రుసుము సంఘపు లెక్కలలో కనబడవలెను. గుడి గోపురమునకు, సౌండు సిస్టమునకు చందా పోగుచేయగల సంఘము ఒక బిడ్డ రుసుము పోగుచేయలేనని చెప్పరాదు.

రెండవది, మూడవ పేరాను గూర్చి వేదికల మీద బాహాటముగా మాట్లాడవలసినది మొదట బిషప్పులు, కాపరులు, పెన్షను గల పెద్దలు. నష్టపోవుటకు తక్కువ ఉన్నవారు ముందు మాట్లాడవలెను. కార్మికుని నోటి నుండి సాక్ష్యము కోరే మనము, మన నోటితో అతని పక్షమున ఎన్నిసార్లు మాట్లాడాము?

మూడవది, ఆరాధనా సమయములు షిఫ్టులను బట్టి ఉండవలెను. ఆదివారము ఉదయము రాలేనివాడు విశ్వాసములో చల్లారినవాడని తీర్మానించుట మాని, బుధవారము రాత్రి పదింటికి పని దిగివచ్చే నలుగురి కొరకు తలుపు తెరిచియుంచవలెను. ఆ నలుగురు ఒకరినొకరు ఎరిగియుంటే, గేటు లోపల ఒక్కొక్కరు ఒంటరి కారు. పనిచోట సాక్ష్యము అక్కడ నుండి మొదలవుతుందని మా నమ్మకము.

ఒక అభ్యంతరమును ఎరిగియే ఈ మాటలు వ్రాస్తున్నాము. ఇదంతా పిరికితనమునకు వేదాంతపు దుప్పటి కప్పుట కాదా అని కొందరు సహోదరులు అడుగుతారు. పిరికితనము లేదని మేము అనుట లేదు. అది మాలోనూ ఉన్నది. జీతము, క్వార్టరు, గౌరవము ఉండియు టీ బల్ల దగ్గర తన విశ్వాసమును నవ్వుతో తప్పించేవానికి మత్తయి పది సూటిగానే వినిపించవలెను. అందరికీ ఒకే గొంతుతో వినిపించుటయే మా అభ్యంతరము.

ముగింపు

లూక్, కార్మన్ గార్ల గ్రంథము గ్రామ క్రైస్తవుని తీర్పు తీర్చకుండ చూచుట నేర్పినది. కార్మన్, వసంతరావు గార్ల గ్రంథము క్షీణత పక్కనే జీవమున్నదని చూపినది. గ్రామము విడిచి గేటు లోపలికి వెళ్లినవారి కథ ఇంకను వ్రాయబడలేదు. అది వ్రాసే విద్యార్థి ముందుగా షిఫ్టు బస్సు ఎక్కవలెను.

ఏ పేరు మీద సాక్ష్యము చెప్పమంటారని అడిగిన సహోదరునికి ఆ రోజు మేము ప్రార్థన చేసి పంపించాము. నేడైతే ఇలా చెప్పుదుము: "తమ్ముడూ, పేరు సంగతి నీ ఒక్కని సంగతి కాదు, దానిని పాస్టరేటు కమిటీ ముందు పెడదాము. పక్క యంత్రము దగ్గర ఉన్న మనిషి నిన్నేదైనా అడిగిన రోజున, నీకు తెలిసినంత చెప్పు. ఆ తరువాత ఏమైనా మా దగ్గరకు రా." ఈ చివరి మాట చెప్పుటకు సంఘము సిద్ధముగా ఉన్నదా లేదా అన్నది ఆయనను కాదు, మనలను అడుగవలసిన ప్రశ్న.